నిలిచిన కారును కాదు, నిలిచిన చోటును చూడాలి
కొట్టంలోని పాత హెరాల్డుకు బయానా ఇచ్చే ముందు తెలుసుకోవలసినవి

ఎద్దును కొనేవారు పళ్లు పట్టి చూస్తారు, గిట్టలు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు. కాడికి కట్టి చూశాకే బయానా ఇస్తారు. ఏళ్ల తరబడి కొట్టంలో నిలిచిపోయిన కారును కొనేవారికి ఆ వీలు లేదు. నడవనిదాన్ని చూసి, నడుస్తుందో లేదో తేల్చుకోవాలి.

పెద్దాయన కాలం చేశాక కొడుకులు పట్నాల్లో స్థిరపడతారు. మిద్దె అమ్మకానికి పెడతారు. కొట్టం ఖాళీ చేయాలి గనుక కారును అయినకాడికి ఇచ్చేస్తామంటారు. పాత ఇనుము వ్యాపారి తూకం వేసి పట్టుకుపోయేలోగా ఎవరైనా తెలిసినవారు తీసుకుంటే మేలంటారు. ఇలాంటి బేరం తగిలినవారికి ఆశ పుట్టడం సహజం. అయితే ఒక పంట డబ్బుతో కొన్న కారు మరో మూడు పంటల డబ్బును మింగవచ్చు. కాగితాలు సరిగా లేకపోతే చివరకు చేను మీదికి కూడా రావచ్చు. కాబట్టి కొనాలా, వద్దా అన్నది తీరికగా తేల్చుకోవలసిన సంగతి.

మద్రాసు బండి, ఇంగ్లండు పుట్టుక

యాభై ఏళ్ల కిందట మన రోడ్ల మీద కనిపించిన కార్లు ప్రధానంగా మూడే. కలకత్తా దగ్గర ఉత్తరపరలో తయారైన అంబాసిడర్, బొంబాయి నుంచి వచ్చిన ఫియట్, మద్రాసు శివారు వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు. ఈ మూడింటిలో మన సీమకు దగ్గరలో తయారైనది హెరాల్డే.

హెరాల్డు పుట్టింది మాత్రం ఇంగ్లండులో. ట్రయంఫ్ పేరుతో 1959లో అక్కడ విడుదలయింది. దాని రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా మద్రాసులో దాన్ని తయారు చేసింది. 948 సి.సి. ఇంజను. పాతిక అడుగుల చోటులో చక్కర్లు తిరిగేంత ఒడుపు. బోనెట్ రెక్కలతో సహా మొత్తంగా ముందుకు ఒరుగుతుంది గనుక మెకానిక్‌కు ఇంజను అంతా ఎదురుగా కనిపిస్తుంది. మొదట రెండు తలుపులతో వచ్చిన ఈ కారు తర్వాత మన దేశంలో మాత్రమే నాలుగు తలుపులతో వచ్చింది. 1972లో రూపు మార్చి గజెల్ అని పేరు పెట్టారు. 1970వ దశకం ముగిసేలోగా ఆ కార్ల తయారీ ఆగిపోయింది. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు తెచ్చిన కంపెనీ, ఆ దశకం చివరికల్లా కార్ల తయారీని పూర్తిగా మూసివేసింది.

ఇదే హెరాల్డు ఛాసిస్‌ను కురచ చేసి, రెండు సీట్ల ఓపెన్ కారును ట్రయంఫ్ 1962లో తెచ్చింది. దాని పేరు స్పిట్‌ఫైర్. 1980 వరకు 3 లక్షలకు పైగా తయారైన ఆ స్పోర్ట్స్ కారుకు హెరాల్డు అన్న వరుస. స్పిట్‌ఫైర్ మన దేశంలో తయారు కాలేదు. ఆ వంశంలో మనవైపు కొట్టాల్లో దొరికితే దొరికేది హెరాల్డు, లేదా గజెల్. కొనేవారికి ఈ చుట్టరికం ఎందుకు పనికి వస్తుందో విడిభాగాల దగ్గర తెలుస్తుంది.

ఎండ ఇనుమును కాస్తుంది, రబ్బరును తింటుంది

రాయలసీమ పొడిగాలి పాత కారుకు ఒకందుకు మంచిది. తుప్పు పట్టాలంటే తేమ కావాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుము త్వరగా పుచ్చిపోతుంది. ఆదోని, నంద్యాల, జమ్మలమడుగు, పులివెందుల వైపు అదే కారు గట్టిగా నిలిచే అవకాశం ఎక్కువ.

అయితే మే నెలలో 42, 43 డిగ్రీల వేడి రబ్బరును వదలదు. నీటి గొట్టాలు, ఫ్యాను బెల్టు, తలుపుల అంచు రబ్బర్లు, బ్రేకు సిలిండర్ల లోపలి రబ్బర్లు ఎండి పెళుసెక్కుతాయి. పైకి నల్లగా నిగనిగలాడే టైరును కూడా పక్కన వేలితో నొక్కి చూస్తే సన్నని చీలికలు బయటపడతాయి. 2000 సంవత్సరం నుంచి తయారైన టైరు పక్కన చివర నాలుగు అంకెలుంటాయి. 1203 అని వుంటే 2003లో 12వ వారం తయారైందని అర్థం. గీతలు అరగలేదు కదా అని అంత పాత టైర్ల మీద రోడ్డెక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇవన్నీ కొత్తవి వేయక తప్పదని ముందే లెక్కలో రాసుకోవాలి.

ఎరువు బస్తాల పక్కన నిలిచిందా?

పొడి ప్రాంతమైనా అన్ని కార్లూ ఒకేలా వుండవు. అందుకే ముందుగా చూడవలసింది కారును కాదు, అది నిలిచిన చోటును.

కడప బండలో బేతంచెర్ల బండలో పరిచిన నేల మీద, నాలుగు వైపులా గాలి ఆడేచోట నిలిచిన కారు నయం. మట్టి నేల అయితే అడుగు నుంచి చెమ్మ ఎగదన్నుతుంది. చవుడు నేల అయితే ఆ చెమ్మలో ఉప్పు కూడా వుంటుంది. పశువుల కొట్టంలో పేడ, పంచితం ఆవిరి ఇనుముకు పగ. అన్నిటికంటే చెడ్డది ఎరువుల బస్తాల పక్కన నిలపడం. యూరియా, పొటాష్ వంటివి గాలిలోని చెమ్మను పీల్చి నీరుగారుతాయి. ఆ నీరు తగిలిన ఇనుము అనంతపురం ఎండలో వున్నా పొరలు పొరలుగా లేచిపోతుంది. నేల మీద తెల్లటి చారలున్నాయా, గోడ పక్క బస్తాలు పేర్చిన గుర్తులున్నాయా అన్నది చూడాలి. ఇంట్లో పెద్దవారిని అడిగితే తెలియకుండా పోదు.

హెరాల్డులో ఛాసిస్ వేరు, పై డబ్బా వేరు. రెండింటినీ బోల్టులతో బిగించారు. కనుక పైన రంగు బాగున్నంత మాత్రాన కింద ఛాసిస్ బాగున్నట్టు కాదు. పగటి వెలుతురులో చాప పరుచుకుని కిందికి దూరి చూడాలి. ఛాసిస్ పక్కలకు చాపిన చేతులను, వెనుక డిక్కీ కింది భాగాన్ని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడాలి. ఠంగుమంటే గట్టిదే. మొన లోపలికి దిగితే, పొలుసులు రాలితే ఆ మేరకు కోసి వెల్డింగ్ చేయించాలి. తలుపు మూసేటప్పుడు చేత్తో ఎత్తిపట్టి మూయవలసి వస్తే ఛాసిస్ కుంగిందేమోనని అనుమానించాలి.

కిందికి దూరే ముందు, బోనెట్ ఎత్తే ముందు కర్రతో బాగా తట్టడం మరువరాదు. ఎలుకలు గూడు కట్టిన చోటికి పాములు వస్తాయి. ఎలుకలు వైర్లను కొరికేసి వుంటే మొత్తం వైరింగ్ మార్చాలి. చెదలు సీట్లకింద అట్టను, గోనెను తిని పోయి వుంటాయి. అది మాత్రం పెద్ద ఖర్చు కాదు.

వరద చూసిన కారా?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. మంత్రాలయం కూడా నీటిలో చిక్కుకుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలోని రాజంపేట ప్రాంతంలో ఊళ్లను వరద ముంచెత్తింది. ఆ నీళ్లలో నిలిచిన కారును కడిగి, రంగు వేసి అమ్మకానికి పెడితే పైకి కనిపెట్టడం కష్టం. కారు ఆ రోజుల్లో ఏ ఊళ్లో, ఏ వీధిలో వుందో మొదట అడగాలి.

బురద అబద్ధమాడదు. తలుపు లోపలి అట్ట ఊడదీసి చూస్తే నీరు నిలిచిన గీత కనిపిస్తుంది. లైటు బుడ్డీల వెనుక, సీటు పట్టాల సందుల్లో, ఛాసిస్ డబ్బా లోపల ఒండ్రు దొరుకుతుంది. ఇంజను, గేరుబాక్సు ఆయిలు పాలకాఫీ రంగులో వుంటే లోపలికి నీరు చేరినట్టే. అలాంటి కారును విడిభాగాల కోసం తప్ప కొనడం దండగ.

సెల్ఫ్ కొట్టవద్దు

‘బ్యాటరీ తెచ్చి ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం’ అనేవారు ప్రతి ఊళ్లోనూ వుంటారు. ‘నలుగురం నెట్టి స్టార్ట్ చేద్దాం’ అనేవారూ వుంటారు. బాగున్న ఇంజను పాడయ్యేది ఇక్కడే. ఇరవై ఏళ్లు కదలని పిస్టన్ రింగులు సిలిండర్‌కు అతుక్కుని వుంటాయి. బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, సిలిండర్ గీతలు పడుతుంది.

పద్ధతి ఇది. నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. తర్వాత ప్లగ్గులు లేకుండానే క్రాంక్ పుల్లీ బోల్టును స్పానరుతో పట్టి చేత్తో నిదానంగా తిప్పాలి. తిరిగితే సగం భయం తీరినట్టే. తిరగకపోతే ఇంజను విప్పక తప్పదని ధర మాట్లాడాలి. అమ్మేవారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే ఇంజను పట్టేసిందనే లెక్కతోనే బేరం చేయాలి.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు బంకగా మారి వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని మొత్తం పారబోసి, ట్యాంకు, కార్బ్యురేటర్ కడిగించాకే కొత్త పెట్రోలు పోయాలి. రేడియేటర్ మూత తీసి లోపలికి చూడాలి. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లే పోసి తిప్పిన కారు అయితే లోపల తెల్లగా గట్టి పొర పేరుకుని వుంటుంది. అలాంటి ఇంజను వేసవిలో నాలుగు మైళ్లు పోకుండానే ఉడుకుతుంది.

ఇంజను తిరిగింది కదా అని కారును నడుపుకుంటూ ఇంటికి తేరాదు. బ్రేకు ఆయిలు ఏళ్ల తరబడి తేమను పీలుస్తుంది. సిలిండర్లు లోపల తుప్పు పట్టి వుంటాయి. పెడల్ మొదటిసారి గట్టిగానే తగిలి, రెండోసారి నేలకు అంటుకోవచ్చు. లారీలోనో ట్రాక్టరు ట్రాలీలోనో ఎక్కించి తెచ్చుకోవడమే క్షేమం.

హెరాల్డుకు ప్రత్యేకంగా చూడవలసినది మరొకటుంది. ముందు చక్రాన్ని కింద పట్టి వుంచే మరల ముక్కను ట్రనియన్ అంటారు. దానికి వేయవలసింది గేరు ఆయిలు. అన్నిటికీ కొట్టినట్టే దీనికీ గ్రీజు కొడితే అది ఎండి గట్టిపడుతుంది, లోపల తుప్పు పడుతుంది. ఒకనాడు మర విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. పాత హెరాల్డును కొన్నవారు దీన్ని విప్పి చూడకుండా ఊరు దాటరాదు. వెనుక చక్రాలు కూడా విడివిడిగా ఊగే పద్ధతిలో వుంటాయి. మలుపులో వేగంగా తిప్పితే చక్రం లోపలికి ముడుచుకుంటుంది. గజెల్‌లో ఈ పద్ధతి తీసేసి మామూలు ఇరుసు పెట్టారు.

విడిభాగాలు ఎక్కడ?

స్పిట్‌ఫైర్ చుట్టరికం పనికి వచ్చేది ఇక్కడే. ఇంగ్లండులో ఆ కార్లను ఇప్పటికీ మోజుగా కాపాడుకునేవారు వేలమంది వున్నారు. అందువల్ల ట్రనియన్లు, బ్రేకు భాగాలు, ఇంజను భాగాలు అక్కడ ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. హెరాల్డుకు వాటిలో చాలా పనికి వస్తాయి. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం మాత్రం కలుపుకోవాలి.

నాలుగు తలుపుల హెరాల్డు, గజెల్ మనదేశంలోనే తయారయ్యాయి. వాటి వెనుక తలుపు, గజెల్ ముందు జాలీ వంటివి ఇంగ్లండులో ఎవరినడిగినా లాభం లేదు. చెన్నై పుదుపేటలోని పాత సామాన్ల అంగళ్లలో వెదకవలసిందే. కనుక ఇంజను పాడైన కారు కంటే తలుపులు, అద్దాలు, లైట్లు పోయిన కారే ఎక్కువ ఏడిపిస్తుంది. ఇంజను చేసే మెకానిక్ వున్నాడు, తలుపు పోత పోసేవాడు లేడు. వూడిపోయిన ముక్కలు కొట్టం అటకమీద, ధాన్యం గాదె వెనుక ఎక్కడైనా వున్నాయేమో వెదికి, అన్నీ కలిపి బేరం చేసుకోవాలి.

పెట్రోలు కూడా మారింది. ఈ కార్లు సీసం కలిపిన పెట్రోలు కాలంనాటివి. 2000లో దేశమంతటా సీసం పెట్రోలు నిలిపివేశారు. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు లోపలి పొరను ఇథనాల్ మెత్తబరిచి పాడుచేస్తుంది. దాన్ని తట్టుకునే కొత్త గొట్టాలు వేయించాలి. లేకపోతే వేడి ఇంజను మీద పెట్రోలు కారి నిప్పు అంటుకునే ప్రమాదముంది.

కాగితాలు లేని కారు ఇనుము కిందే లెక్క

ఆర్.సి. పుస్తకంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కారు మీది నంబర్లతో సరిపోవాలి. ఒక్క అంకె తేడా వున్నా బయానా ఇవ్వరాదు. పేరు చనిపోయిన పెద్దాయనది అయితే ముందుగా వారసుల పేరిట మారాలి. దానికి ఫారం 31. ఆ తర్వాతే ఫారం 29, 30 మీద కొనేవారి పేరిట మారుతుంది. అన్నదమ్ముల్లో ఒకరు అమ్మి, మరొకరు నాకు తెలియదంటే కొన్నవారు మధ్యలో చిక్కుకుంటారు. వారసులందరి సంతకాలూ తీసుకోవాలి. పాత చేతిరాత పుస్తకం వివరాలు రవాణా శాఖ కంప్యూటర్‌లో ఎక్కాయో లేదో ఆర్.టి.ఒ. కార్యాలయంలో ముందే కనుక్కోవాలి.

తర్వాతి ప్రశ్న, కారు దేనికి? సంతకు, ఆసుపత్రికి, చుట్టాల ఊరికి వెళ్లడానికే అయితే ఫిట్‌నెస్ చూపించి మామూలు రిజిస్ట్రేషన్‌ను 5 ఏళ్లకు పొడిగించుకోవాలి. 2025 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకు ఈ ఫీజు 10 వేల రూపాయలు. విదేశం నుంచి దిగుమతి అయిన కారుకైతే 80 వేలు. మద్రాసులో తయారైన హెరాల్డుకు ఈ రెండో రేటు వర్తించదు. పన్ను బకాయిలుంటే అవి వేరు.

ముచ్చటకు దాచుకోవడానికే అయితే మరో దారి వుంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్రం 2021 జులైలో తెచ్చింది. నంబరులో వి.ఎ. అనే అక్షరాలుంటాయి. ఫీజు 20 వేలు, గడువు 10 ఏళ్లు, ఆ తర్వాత మళ్లీ నమోదుకు 5 వేలు. అయితే ఈ నంబరుతో రోజూ తిరగరాదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. పెళ్లిళ్లకు బాడుగకు తిప్పి డబ్బు రాబట్టుకుందామనే ఆలోచన వుంటే వింటేజ్ నంబరు దానికి పనికిరాదు.

అమ్మేవారికీ చిక్కే

కారు ఇచ్చి పైకం తీసుకోవడంతో అమ్మినవారి బాధ్యత తీరదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కారు చేతులు మారినా ఆర్.సి.లో ఎవరి పేరు వుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఎప్పుడో అమ్మేసిన కారు ఎక్కడో మనిషిని గుద్దితే, బీమా లేకపోతే, నోటీసు పాత యజమాని ఇంటికే వస్తుంది. పరిహారం కట్టలేకపోతే వున్న చేను జప్తుకు రావచ్చు. కొన్నవారు కూడా థర్డ్ పార్టీ బీమా లేకుండా చేను గట్టు దాటి రోడ్డెక్కరాదు. పాత ఇనుముకే ఇచ్చేసినా 14 రోజుల్లోగా తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి.

ఒక కాగితం, నాలుగు గీతలు

కారు చూసి వచ్చాక ఆ రాత్రే మాట ఇవ్వరాదు. ఒక కాగితం మీద నాలుగు లెక్కలు రాసుకోవాలి. కారు ధర ఒకటి. ఇంటికి చేర్చే బాడుగ రెండు. రబ్బర్లు, టైర్లు, బ్రేకులు, వైరింగ్, వెల్డింగ్ కలిపి మరమ్మతు మూడు. వారసత్వ మార్పు, ఫీజులు, బీమా నాలుగు. నాలుగూ కూడితే వచ్చేదే అసలు ధర. అమ్మేవారు చెప్పింది అందులో మొదటి గీత మాత్రమే. మరమ్మతు లెక్కను కొనేవారి ఆశ వేయరాదు, కిందికి దూరి చూసిన మెకానిక్ వేయాలి.

ఛాసిస్ గట్టిగా వుండి, ఇంజను చేత్తో తిరిగి, ముక్కలన్నీ వుండి, వారసులందరూ సంతకానికి సిద్ధంగా వుంటే, నాలుగు గీతల మొత్తం అప్పు లేకుండా చేతిలో వుంటే తీసుకోవచ్చు. ఇంజను ఒక్కటే పట్టేసి మిగతావి బాగుంటే ధర తగ్గించి తీసుకోవచ్చు. ఛాసిస్ పుచ్చినా, కాగితాలు లేకపోయినా, విత్తనాలకు ఎరువులకు పెట్టుకున్న డబ్బు తీయవలసి వచ్చినా నమస్కారం పెట్టి తిరిగి రావడమే మంచిది. ఇరవై ఏళ్లు నిలిచిన కారు మరో ఏడాది నిలవడం వల్ల కొత్తగా పోయేది పెద్దగా లేదు. జూన్‌లో అదను తప్పిన విత్తు మాత్రం ఆ ఏడాదికి మళ్లీ రాదు.